మన ఊరికి వెళ్ళడానికి కూడా టీకానా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మేము అమెరికాలో డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. మా మరిది పెళ్ళికి జూన్ రెండో వారంలో నరసరావుపేట వస్తున్నాం. ఏడు వారాలు ఉంటాం. పాపకు తొమ్మిదో నెల, బాబుకు ఆరేళ్ళు. ఇండియా ప్రయాణం అనగానే ఇక్కడి పిల్లల డాక్టరు పాపకు హెపటైటిస్ ఎ టీకా, మీజిల్స్ (తట్టు) టీకా ఇప్పుడే వేయాలన్నారు. హెపటైటిస్ ఎ ఏడాది నిండాకే వేస్తారని నేను చదివాను. పైగా ఇప్పుడు వేసేది లెక్కలోకి రాదట, తర్వాత మళ్ళీ రెండు వేయాలట. లెక్కలోకి రానప్పుడు వేయడం దేనికి? బాబుకు 14వ నెలలో హెపటైటిస్ ఎ ఒక డోసు వేయించాం. కోవిడ్ గొడవలో రెండోది తప్పిపోయింది. మళ్ళీ మొదటి నుంచి వేయించాలా? మా వారికి 41 ఏళ్ళు. 'పాప పుట్టగానే ఆసుపత్రిలో హెపటైటిస్ వేశారుగా' అంటారు. తనకైతే అసలు అక్కర్లేదంటారు. అత్తయ్య గారు ఫోన్లో 'మేమంతా ఆ నీళ్ళు తాగే పెరిగాం, సొంత ఊరు రావడానికి పసిబిడ్డకు సూదులేమిటి' అన్నారు. గుంటూరులో ఉండే మా ఆడపడుచుకు ఐదో నెల. తను కూడా వేయించుకోవాలా అని అడుగుతోంది. ఇంకా పద్దెనిమిది రోజులే ఉంది. ఒకటే టెన్షన్.
— పేరు వద్దు, ఫ్రిస్కో, టెక్సస్

సమాధానం: అమ్మా, ముందు ఆ పద్దెనిమిది రోజుల సంగతి తేల్చేద్దాం. చాలు. పద్దెనిమిది కాదు, విమానం ఎక్కే ముందు రోజు వేయించినా ఉపయోగమే. హెపటైటిస్ ఎ అంటే నీళ్ళ ద్వారా, తిండి ద్వారా వచ్చి కాలేయాన్ని పట్టే కామెర్ల జబ్బు. ఆ వైరస్ ఒంట్లోకి వెళ్ళాక జబ్బు బయటపడడానికి 15 నుంచి 50 రోజులు పడుతుంది, సగటున 28 రోజులు. టీకా వేసిన రెండు నుంచి నాలుగు వారాల్లో ఒంట్లో వైరస్‌ను అడ్డుకునే యాంటీబాడీలు తయారవుతాయి. మీరు దిగిన రోజే కలుషితమైన నీళ్ళు తాగారనుకున్నా, వైరస్ కంటే టీకాయే ముందుంటుంది. 'టైము లేదు కాబట్టి ఈసారికి వదిలేద్దాం' అనేవాళ్ళు చాలామంది. ఈ టీకా విషయంలో మాత్రం ఆ మాట నిలవదు.

ఇక మీ అత్తయ్య గారి మాట. నన్నడిగితే ఆవిడ చెప్పింది నిజం. ఆ నీళ్ళే తాగారు, ఆ వైరస్ కూడా ఆవిడ ఒంట్లోకి వెళ్ళే ఉంటుంది. ఆరేళ్ళ లోపు పిల్లల్లో నూటికి డెబ్బై మందికి ఈ వైరస్ సోకినా కామెర్లు రావు. రెండు రోజులు జ్వరం, కాస్త విరేచనాలు, అన్నం వద్దని మారాం. అమ్మమ్మ దిష్టి తీసేది, తగ్గిపోయేది. హెపటైటిస్ ఎ వచ్చి వెళ్ళిందని ఎవరికీ తెలియదు. ఒకసారి వస్తే జీవితాంతం మళ్ళీ రాదు. ఆ రోజుల్లో మన ఊళ్ళలో పదేళ్ళు నిండేసరికి దాదాపు అందరికీ ఇలాగే వచ్చిపోయేది. టీకా లేదు, సూది లేదు, ఖర్చు లేదు. అందుకే ఆవిడకు 'మేమంతా బాగానే ఉన్నాంగా' అనిపిస్తుంది.

ఇబ్బంది ఎక్కడంటే, ఇదే వైరస్ వయసు పెరిగాక వస్తే వేరేలా ఉంటుంది. పెద్దపిల్లల్లో, పెద్దవాళ్ళలో నూటికి డెబ్బై మందికి పైగా కళ్ళు పచ్చబడతాయి. వాంతులు, అన్నం వాసన పడకపోవడం, మంచం దిగలేనంత నీరసం వారాల తరబడి ఉంటాయి. నూటికి పది పదిహేను మందిలో తగ్గినట్టే తగ్గి మళ్ళీ తిరగబెడుతుంది, ఆరు నెలల దాకా లాగుతుంది. ఇది హెపటైటిస్ బి, సి లాగా కాలేయంలో శాశ్వతంగా ఉండిపోదు. కానీ కొద్దిమందిలో కాలేయం ఒక్కసారిగా దెబ్బతింటుంది. యాభై దాటినవాళ్ళలో నూటికి దాదాపు ఇద్దరి ప్రాణం మీదికి వస్తుంది.

అంటే ఊరు శుభ్రపడేకొద్దీ ఈ జబ్బు చిన్నప్పుడు రావడం తగ్గి, వచ్చినప్పుడు గట్టిగా వస్తుంది. వినడానికి విడ్డూరంగా ఉంటుంది కానీ అంతే. షాంఘైలో 1988 మొదటి మూడు నెలల్లో సరిగ్గా ఉడకని ఆల్చిప్పలు తిని దాదాపు 3 లక్షల మంది కామెర్లతో పడిపోయారు. ఎక్కువమంది యువతే. వాళ్ళ తల్లిదండ్రులు అవే తిన్నా వాళ్ళకు ఏమీ కాలేదు, చిన్నప్పుడే వచ్చిపోయింది కనుక. మన దేశంలో కేరళను చూడండి. ఇంటింటా మరుగుదొడ్డి, చదువు, శుభ్రత అన్నీ ఉన్న రాష్ట్రం. 2024లో ఎర్నాకుళం జిల్లా వేంగూరు పంచాయతీలో తాగునీటి వల్ల రెండు వందల మందికి పైగా హెపటైటిస్ ఎ వచ్చింది. మలప్పురం జిల్లాలోనూ అదే ఏడాది వ్యాపించింది. కాటు పడింది పసిపిల్లల మీద కాదు, కాలేజీ వయసువాళ్ళ మీద, ఉద్యోగాలు చేసుకునేవాళ్ళ మీద.

ఇప్పుడు మీ పిల్లల సంగతి. ఫ్రిస్కోలో కుళాయి తిప్పి నీళ్ళు పట్టుకుని తాగే పిల్లలు. వాళ్ళకు ఈ వైరస్ ఎప్పుడూ ఎదురుపడలేదు. వాళ్ళ నాన్నమ్మ ఊరు వాళ్ళకు బంధుత్వంలో సొంత ఊరే. కడుపుకు మాత్రం కొత్త ఊరు. నిజానికి హోటల్లో దిగి తాజ్‌మహల్ చూసి వెళ్ళిపోయే టూరిస్టు కంటే సొంతవాళ్ళను చూడ్డానికి వచ్చే మీలాంటి కుటుంబాలకే ఈ జబ్బు భయం ఎక్కువ. అమెరికాలో, యూరప్‌లో బయటి దేశాల నుంచి తెచ్చుకున్న హెపటైటిస్ ఎ కేసుల్లో బంధువుల ఇళ్ళకు వెళ్ళి వచ్చినవాళ్ళు, ముఖ్యంగా వాళ్ళ పిల్లలు, ఎక్కువగా కనిపిస్తారు. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. టూరిస్టు భయపడుతూ సీసా నీళ్ళు తాగుతాడు, వారంలో వెళ్ళిపోతాడు. మీరు ఏడు వారాలుంటారు. పది ఇళ్ళకు భోజనానికి వెళ్తారు. పిన్నిగారు గ్లాసుతో మజ్జిగ ఇస్తే 'ఏ నీళ్ళు కలిపారండీ' అని అడగలేరు. అడిగితే ఏమవుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

మీ వారి మాట ఒకటి సరిదిద్దాలి. పుట్టగానే వేసింది హెపటైటిస్ బి. అది రక్తం ద్వారా, తల్లి నుంచి బిడ్డకు వచ్చే జబ్బు. ఇప్పుడు మాట్లాడుతున్నది నీళ్ళ ద్వారా, తిండి ద్వారా, కడగని చేతుల ద్వారా వచ్చే ఎ. ఇంటిపేరు ఒకటే కానీ వీళ్ళిద్దరూ అన్నదమ్ములు కాదు, వేరే వైరస్‌లు. ఒకదాని టీకా ఇంకోదాన్ని ఆపదు. ఈ పొరపాటు చదువుకున్నవాళ్ళు కూడా చేస్తారు, ఆయన్ని ఏమీ అనకండి.

పాప టీకా దగ్గరికి వద్దాం. మీరు చదివింది తప్పు కాదు. అమెరికాలో మామూలుగా ఈ టీకా 12 నుంచి 23 నెలల మధ్య మొదలుపెడతారు, 2006 నుంచి అక్కడ పిల్లలందరికీ ఇదే పద్ధతి. కానీ హెపటైటిస్ ఎ ఉన్న దేశాలకు ప్రయాణం కట్టే 6 నుంచి 11 నెలల పిల్లలకు ఒక డోసు ముందే వేయమని అక్కడి టీకాల సలహా కమిటీ 2018లో చెప్పింది. మీ డాక్టరు సొంతంగా కనిపెట్టిందేమీ కాదు.

మరి లెక్కలోకి రాదెందుకు? తల్లి ఒంట్లో ఉన్న యాంటీబాడీలు కడుపులో ఉండగానే బిడ్డకు అందుతాయి. మొదటి ఏడాదిలో అవి కొంత మిగిలి ఉండొచ్చు. అవి ఉన్నప్పుడు టీకా వేస్తే బిడ్డ ఒళ్ళు ఆ పాఠాన్ని గట్టిగా నేర్చుకోదు. ఈ ప్రయాణానికి సరిపడా కాపుదల వస్తుంది కానీ, ముప్పై ఏళ్ళు నిలిచేంత గట్టిగా వచ్చిందో లేదో నమ్మకంగా చెప్పలేం. అందుకని ఏడాది నిండాక మామూలు లెక్క ప్రకారం రెండు డోసులు, మధ్యలో కనీసం ఆరు నెలల ఎడంతో. లెక్కలోకి రానిది అంటే పనికిరానిది అని కాదమ్మా. వానాకాలానికి కొన్న గొడుగు చలికాలంలో స్వెటర్ లెక్కలోకి రాదు కదా, అలాంటిది.

2018కి ముందు ఇంత చిన్న పిల్లలకు ప్రయాణమంటే ఇమ్యూనోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్ ఇచ్చేవాళ్ళు. అది టీకా కాదు, వేరేవాళ్ళ రక్తం నుంచి తీసిన తయారు యాంటీబాడీలు. ఒకటి రెండు నెలలు పనిచేసి పోతాయి. దాంతో ఇంకో తంటా, అది ఇస్తే మీజిల్స్ టీకా కొన్ని నెలలపాటు సరిగ్గా పనిచేయదు. ఇండియా వచ్చే పసిబిడ్డకు మీజిల్స్ టీకా చాలా అవసరం. అందుకే ఇప్పుడు ఆరు నెలలు నిండిన బిడ్డకు హెపటైటిస్ ఎ టీకా, మీజిల్స్ టీకా రెండూ ఒకే రోజు, రెండు తొడలకు వేసేస్తున్నారు. మీ డాక్టరు రెండూ కలిపి చెప్పింది అందుకే. ఆ మీజిల్స్ డోసు కూడా లెక్కలోకి రాదు, తర్వాత మళ్ళీ రెండు పడాలి. ఆరు నెలలు కూడా నిండని బిడ్డకైతే ఇప్పటికీ ఇమ్యూనోగ్లోబ్యులినే దారి.

'ఇండియా వెళ్ళాక చూద్దాంలే, అక్కడ చవక' అనే ఆలోచన ఒకటి వస్తుంది మనవాళ్ళకు. పాప విషయంలో అది కుదరదు. ఇక్కడ ఈ టీకా ఏడాది నిండిన పిల్లలకే వేస్తారు. అదీ ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాల్లో లేదు, ప్రైవేటు పిల్లల డాక్టర్ల దగ్గరే. మాటల్లో మాట, దేశంలోనే తయారైన మొదటి హెపటైటిస్ ఎ టీకా 2024 జనవరిలో హైదరాబాద్‌లోనే విడుదలైంది. ఇండియన్ ఇమ్యునొలాజికల్స్ వాళ్ళ హావిష్యూర్. అంతకుముందు బయటి నుంచి తెచ్చుకున్నవే వాడేవాళ్ళం. ఇక్కడ ఒక్క డోసుతో సరిపోయే, బలహీనపరిచిన వైరస్ టీకా కూడా దొరుకుతుంది. అమెరికాలో అది లేదు. మీ పిల్లలకు అమెరికాలో మొదలుపెట్టిన రకంతోనే పూర్తి చేయడం కార్డులకూ, స్కూలు కాగితాలకూ సులువు.

బాబు విషయం ఒక్క ముక్కలో అయిపోతుంది. మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు. తప్పిపోయిన రెండో డోసు ఇప్పుడు వేయిస్తే చాలు. ఐదేళ్ళు ఆలస్యమైనా మొదటి డోసు వృథా కాదు.

మీ వారికి 41. నరసరావుపేటలో పుట్టి పెరిగారు. ఆయన అన్నట్టు చిన్నప్పుడే వచ్చిపోయి ఉండడానికే ఎక్కువ అవకాశం. కానీ 'ఉండొచ్చు' మీద ఊరుకోవడమెందుకు? హెపటైటిస్ ఎ ఐజీజీ అని ఒక రక్తపరీక్ష ఉంది. పాజిటివ్ అయితే ఆయనకు జీవితాంతం టీకా అక్కర్లేదు, వాదనలో గెలిచినట్టే. ఐజీఎం అనే పరీక్ష వేరే, అది ఇప్పుడు జబ్బు ఉందా అని చూసేది. ల్యాబ్ కాగితంలో ఏది రాశారో చూసుకోండి. ఒకవేళ నెగెటివ్ వస్తే నలభై దాటారు కాబట్టి టీకాతో పాటు ఇమ్యూనోగ్లోబ్యులిన్ కూడా ఇవ్వాలా అని డాక్టరు ఆలోచిస్తారు. పరీక్షకు తీరిక లేదంటే నేరుగా టీకా వేయించుకోవచ్చు, ముందే జబ్బు వచ్చినవాళ్ళకు టీకా వేసినా నష్టమేమీ ఉండదు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పాప గురించి అడిగారు, బాబు గురించి, మీ వారి గురించి, ఆడపడుచు గురించి కూడా అడిగారు. ఒక్క మనిషి గురించి అడగలేదు. మీ గురించి. ఎక్కడ పెరిగారో రాయలేదు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అపార్ట్‌మెంట్‌లో, ఫిల్టరు నీళ్ళు తాగి పెరిగి ఉంటే మీకు చిన్నప్పుడు ఈ వైరస్ సోకకపోయి ఉండొచ్చు. ముప్పైల్లో ఉన్న మనవాళ్ళలో రెండు తరగతులూ ఉన్నారు. పెళ్ళింట్లో పిల్లలకు ఏం పెడుతున్నారో చూస్తూ మీరు మాత్రం ఏది ఇస్తే అది తినేస్తారు, తల్లులంతా చేసేదే. కామెర్లతో మీరు మంచం పడితే తొమ్మిది నెలల పిల్లను ఎవరు చూస్తారు? పరీక్ష చేయించుకోండి, లేదా మీ వారితో పాటు ఒక డోసు వేయించుకోండి. పాలిచ్చే తల్లి వేయించుకోవచ్చు. ఒక్క డోసుతోనే నూటికి తొంభై ఐదు మంది పెద్దవాళ్ళకు నెలలో కాపుదల వస్తుంది. ఆరు నెలల తర్వాత రెండోది వేయించుకుంటే ఇరవై ఏళ్ళకు పైగా ఉంటుంది. ఇంకో సంగతి: మీకే ఈ యాంటీబాడీలు లేకపోతే పాపకు మీ నుంచి వచ్చినవీ ఏమీ లేనట్టే.

ఆడపడుచు విషయంలో మాత్రం నేను కొంచెం గట్టిగానే మాట్లాడతాను. ఆవిడకు కావలసింది హెపటైటిస్ ఎ టీకా గురించిన ఆలోచన కాదు. ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి, ఎ ముందే వచ్చిపోయి ఉండొచ్చు. అనుమానం ఉంటే తన గైనకాలజిస్టును అడిగి ఐజీజీ చూసుకోవచ్చు. గర్భిణికి అసలు భయం హెపటైటిస్ ఇ. అదీ నీళ్ళ ద్వారానే వస్తుంది, అవే కామెర్లు, చూడ్డానికి అచ్చం ఎ లాగే ఉంటుంది. 1955 నవంబరులో ఢిల్లీలో యమున వరద మురుగు తాగునీటి కేంద్రంలోకి చేరి, నెల రెండు నెలల్లో 29 వేల మందికి పైగా కామెర్లు వచ్చాయి. అప్పట్లో అంతా దాన్ని ఎ అనే అనుకున్నారు. దాచి ఉంచిన రక్తం నమూనాలను పాతికేళ్ళ తర్వాత పరీక్షిస్తే ఎ కాదని తేలింది. ఆ తర్వాత దానికి ఇ అని పేరు పెట్టారు. హైదరాబాద్‌లోనూ 2005లో మంచినీళ్ళ పైపుల్లో మురుగు కలిసి వందలమందికి వచ్చింది ఇదే. మామూలు మనుషుల్లో నాలుగైదు వారాల్లో తగ్గిపోతుంది. గర్భిణుల్లో, ముఖ్యంగా ఆఖరి మూడు నెలల్లో, వస్తే నూటికి ఇరవై మందికి పైగా ప్రాణాలు పోతాయి. చైనాలో దీనికి టీకా ఉంది, మన దగ్గర దొరకదు. ఆవిడకు ఐదో నెల అన్నారు. ఆఖరి మూడు నెలలు సరిగ్గా వానాకాలంలో పడతాయి. కాచి చల్లార్చిన నీళ్ళు తప్ప ఇంకేదీ తాగొద్దని చెప్పండి. పెళ్ళిలో కూడా తన సీసా తనే తెచ్చుకోమనండి. కడుపుతో ఉన్న పిల్ల సీసా తెచ్చుకుంటే ఎవరూ ఏమీ అనుకోరు, మీరు తెచ్చుకుంటేనే 'అమెరికా వాళ్ళు' అంటారు.

ఈ ఇ సంగతి ఇంత చెప్పడానికి ఇంకో కారణముంది. ఎ టీకా పడింది కదా అని నీళ్ళ విషయంలో వదిలేయకండి. అది ఒక్క తలుపుకే గడియ. ఇ ఉంది, టైఫాయిడ్ ఉంది, విరేచనాలు ఉన్నాయి. బాబుకు టైఫాయిడ్ ఇంజెక్షన్ అక్కడే వేయించండి, ప్రయాణానికి రెండు వారాల ముందే పడాలి కాబట్టి ఈ రెండు మూడు రోజుల్లోనే. అమెరికాలో దొరికే రకం రెండేళ్ళు నిండినవాళ్ళకే, పాపకు వేయరు. ఆరు నెలలు నిండిన పిల్లలకు వేసే టైఫాయిడ్ కాంజుగేట్ టీకా మన దగ్గర ఉంది, అదీ హైదరాబాద్‌లో తయారయ్యేదే. దిగాక పిల్లల డాక్టరును అడిగి పాపకు వేయించవచ్చు.

నీళ్ళు ఎంత కాచాలి అంటే, గిన్నె అడుగున బుడగలు రావడం కాదు, తెర్లుతూ ఒక నిమిషం ఉండాలి. హెపటైటిస్ ఎ వైరస్ 85 డిగ్రీల వేడిలో నిమిషంలో చస్తుంది. చల్లదనానికి చావదు, ఫ్రీజర్లో హాయిగా ఉంటుంది. కాబట్టి ఐసుముక్క వేసిన చెరుకురసం, బండి మీద సోడా వద్దు. బబుల్ నీళ్ళ మీద నాకు పెద్ద నమ్మకం లేదు. ప్లాంటులో నీళ్ళు బాగానే ఉండొచ్చు, ఆ టిన్నును చివరిసారి ఎప్పుడు కడిగారో ఎవరికీ తెలియదు. ఇంట్లో ఆర్ఓ మిషను ఉండి, ఫిల్టర్లు వేళకు మారుస్తుంటే పెద్దవాళ్ళకు పరవాలేదు. పాప పాలకు, ఉగ్గుకు మాత్రం కాచినవే. పాప గిన్నె, చెంచా కూడా ఆ నీళ్ళతోనే కడగండి.

తిండిలో అందరూ పానీపూరీని తిడతారు. తిట్టాల్సిందే. కానీ దానికంటే నాకు అనుమానం టిఫిన్ సెంటర్ల చట్నీ మీద. ఇడ్లీ ఆవిరి మీద ఉడికింది, దోసె పెనం మీద కాలింది. చట్నీలోకి గ్లాసుడు పచ్చినీళ్ళు పోసి పలచన చేస్తారు, రద్దీ పెరిగితే ఇంకో గ్లాసు. బాబుకు ఇడ్లీ నెయ్యితో, కారప్పొడితో పెట్టండి. పెళ్ళిలో వేడిగా వడ్డించినవి తినొచ్చు. పెరుగుపచ్చడి, కోసిపెట్టిన పుచ్చకాయ, నీళ్ళ మజ్జిగ దగ్గర చెయ్యి అడ్డం పెట్టండి. మామిడిపండు మీరే కడిగి తొక్క తీసి పెడితే ఎన్నైనా తినొచ్చు, జూన్‌లో వచ్చి అది కూడా వద్దంటే పాపం. కొబ్బరిబోండాం కళ్ళముందు కొట్టించి తాగండి, గ్లాసులో పోయించకండి. గుళ్ళో తీర్థం పిల్లల నోట్లో పోయకుండా తలకు రాస్తే సరి, పూజారులు కూడా ఏమీ అనరు. చేతులకు శానిటైజర్ రాసుకున్నాం కదా అనుకోవద్దు. ఈ వైరస్ మీద అది అంతగా పనిచేయదు, సబ్బు, నీళ్ళే. పాప డైపర్ మార్చాక మరీను.

జబ్బు బయటపడడానికి నాలుగు వారాలు పడుతుందన్నాను కదా, దాని అర్థం మీరు తిరిగి వెళ్ళిన తర్వాత కూడా రావొచ్చు. ఆగస్టులో గానీ సెప్టెంబరులో గానీ మీలో ఎవరికైనా జ్వరం, వాంతులు, అన్నం సయించకపోవడం, మూత్రం టీ డికాషన్ రంగులో రావడం లాంటివి కనిపిస్తే అక్కడి డాక్టరుకు ఇండియా వెళ్ళొచ్చామని మొదటి మాటగా చెప్పండి. కళ్ళు పచ్చబడడానికి వారం రెండు వారాల ముందు నుంచే ఈ వైరస్ ఎక్కువగా బయటికి వస్తుంది. ఇంట్లో టీకా లేనివాళ్ళు ఉంటే, వైరస్ తగిలిన రెండు వారాల లోపు వేయించుకున్నా వాళ్ళకు జబ్బు రాకుండా ఆపవచ్చు.

ఒకవేళ ఇక్కడ ఉండగానే ఎవరికైనా కామెర్లు వస్తే, పసరు మందు పేరు చెప్పేవాళ్ళు ముందే వచ్చేస్తారు. ఫలానా ఊళ్ళో మూడు ఆదివారాలు పసరు పోస్తే తగ్గిపోతుందని. తగ్గుతుంది కూడా. పొయ్యకపోయినా మూడు వారాల్లో తగ్గేదే, ఎ కామెర్లలో నూటికి తొంభై తొమ్మిది తమంతట తామే తగ్గుతాయి. కాలేయం పడిన కష్టానికి పసరుకు పేరొస్తుంది. ఏ ఆకులు నూరారో తెలియని పసరు, దెబ్బతిన్న కాలేయం మీద ఇంకో బరువు. చేతి మణికట్టు మీద వాతలు పెట్టడం ఇంకా కొన్ని ఊళ్ళలో ఉంది, పిల్లల దగ్గరికి ఆ మనిషిని రానివ్వకండి. ఉప్పు లేని పథ్యం, నూనె చుక్క లేని కూర అంటూ నెల్లాళ్ళు మాడ్చడం కూడా అక్కర్లేదు, సయించినది పెట్టండి. జ్వరానికి పారాసెటమాల్ అయినా డాక్టరు చెప్పినంతే. మనిషి మగతగా ఉన్నా, పొంతన లేకుండా మాట్లాడినా, ఎక్కడైనా రక్తం కారినా, వాంతులు ఆగకపోయినా గుంటూరో విజయవాడో పెద్దాసుపత్రికి ఆ గంటలోనే బయల్దేరాలి.

చివరిగా అత్తయ్య గారు. ఆవిడతో వాదించకండి, నెగ్గలేరు. నెగ్గినా ఏడు వారాలు ఆ ఇంట్లోనే ఉండాలి. వచ్చాక చెప్పడం కంటే ఇప్పుడే చెప్పడం మంచిది, సూది పడిన తర్వాత ఇంకా మంచిది. 'మీరన్నది నిజమే, మీకు చిన్నప్పుడే వచ్చిపోయింది కాబట్టి మీకు ఏమీ కాదు. పిల్లలకు అక్కడి నీళ్ళ వల్ల ఆ బలం రాలేదు, అదే బలాన్ని సూదితో ఇప్పిస్తున్నాం' అంటే ఆవిడకు అర్థమవుతుంది. నీళ్ళు కాచే పని కూడా ఆవిడకే అప్పజెప్పండి. పాప కోసం ప్రత్యేకంగా ఒక ఇత్తడి బిందె తోమి పెట్టుకుని, ఇంకెవరినీ దాన్ని ముట్టుకోనివ్వరు చూడండి. అయితే ఈ మాటలన్నీ మీరు కాదు, మీ వారి చేత చెప్పించండి. ఐజీజీ రిపోర్టు వచ్చాక ఆయన ఎలాగూ ఫోను చేస్తారు.